చెరువు గట్టు దాకా ఏ కేబుల్?

ప్రశ్న: మా ఇంటి నుంచి రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డుకు 150 మీటర్లు. కెమెరాల కోసం క్యాట్-6 కేబుల్ లాగించాం. వీడియో ఆగి ఆగి వస్తోంది. మొన్న ఉరుముల వానకు స్విచ్‌లో పోర్టు కూడా పోయింది. క్యాట్-6ఏ వేయించాలా, వైఫై పెట్టించాలా?
- ఒక రైతు, భీమవరం

జవాబు: రెండూ వద్దు, ఫైబర్ (గాజుపోగు కేబుల్) వేయించండి. ఈథర్‌నెట్ రాగి కేబుల్ క్యాట్-5ఈ అయినా, 6ఏ అయినా ఈ కొస నుంచి ఆ కొసకు 100 మీటర్లే హద్దు. రకం మారితే వేగం పెరుగుతుంది గానీ దూరం పెరగదు. పైగా మీకు వేసింది నిఖార్సైన రాగేనా? తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే రాగిపూత పూసిన అల్యూమినియం. దాని మీదుగానే కెమెరాకు కరెంటు కూడా పంపితే చివరికి వోల్టేజీ చాలదు. చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగ్గానే కెమెరా రీస్టార్ట్ అవుతుంది.

కావాల్సింది సింగిల్ మోడ్ డ్రాప్ కేబుల్ (ఇళ్లకు లాగే సన్న ఫైబర్ కేబుల్), ఒకే పోగు మీద నడిచే మీడియా కన్వర్టర్ల జత. ఇవి ఈథర్‌నెట్ సిగ్నల్‌ను కాంతిగా, కాంతిని మళ్లీ సిగ్నల్‌గా మార్చే పెట్టెలు. జతలో ఒకటి ‘ఏ’, ఇంకోటి ‘బి’ ఉండాలి. ఒకటి 1310 నానోమీటర్ల కాంతి మీద పంపితే రెండోది 1550 మీద పంపుతుంది. రెండూ ‘ఏ’ కొన్నారో, లింకు లైటు వెలగదు. నీలం కనెక్టరుకు నీలమే, ఆకుపచ్చకు ఆకుపచ్చే. కలిపితే సిగ్నల్ పడిపోతుంది. 1310 మీద నష్టం కిలోమీటరుకు సుమారు 0.35 డెసిబెల్, 150 మీటర్లకు అది లెక్కలోకే రాదు.

గాజుపోగు గుండా పిడుగు సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే కరెంటు) రాదు. కానీ డ్రాప్ కేబుల్‌లో బలానికి పెట్టే ఉక్కు తీగ దాన్ని తిన్నగా ఇంట్లోకి తెస్తుంది. అందుకే ఉక్కుకు బదులు ఎఫ్‌ఆర్‌పీ (గాజునార కలిపిన ప్లాస్టిక్) కడ్డీ ఉన్నదే అడిగి తీసుకోండి. గట్టు మీద ఎలుకలుంటాయి కాబట్టి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) గొట్టంలో వేయించండి. మలుపుల్లో మడత పడనివ్వకండి.

గట్టు తవ్వే వీల్లేకపోతేనే 5 గిగాహెర్ట్జ్ పాయింట్ టు పాయింట్ రేడియోల (ఎదురెదురుగా పెట్టి తీగ లేకుండా డేటా పంపే పెట్టెల) జత. మధ్యలో కొబ్బరి మట్ట కూడా అడ్డు రాకూడదు.

ప్రశ్న: 300 ఎంబీపీఎస్ ప్లాన్. వైఫైలో 280 వస్తోంది, కేబుల్ పెడితే 94 దాటదు. ఎందుకు?

జవాబు: 94 చూడగానే లింకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోయిందని అనుకోవచ్చు. విండోస్ ఈథర్‌నెట్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూస్తే తేలిపోతుంది. 100కి 1, 2, 3, 6 పిన్నులు చాలు. గిగాబిట్‌కు (1000 ఎంబీపీఎస్) ఎనిమిది తీగలూ కావాలి. నీలం జత (4, 5) గానీ గోధుమరంగు జత (7, 8) గానీ క్రింపింగ్‌లో (తీగలను ప్లగ్గులో నొక్కి బిగించేటప్పుడు) సరిగా కూర్చోలేదేమో. ముందు వేరే కేబుల్ పెట్టి చూడండి. అయినా 94 దగ్గరే ఆగితే రౌటర్ పోర్టో, ల్యాప్‌టాప్ పోర్టో 100 ఎంబీపీఎస్ రకం.