టెన్షన్ స్క్రూ బిగిస్తే తోలు ముడత, వదిలితే రివాల్వర్ జారుడు: సమాధానం

తమ్ముడూ, నీ రివాల్వర్ తోలు ఒరకి బిగువు సర్దే టెన్షన్ స్క్రూ బిగిస్తే తోలు ముడత పడుతోందని, కాస్త వదిలితే రివాల్వర్ జారుతోందని, రోజూ వాడితే స్క్రూ ఊడొస్తోందని రాశావు. స్క్రూ చుట్టూ ఉండే నీ రబ్బరు వాషర్ పలచనైనట్టుంది. రెండు తోలు పొరల మధ్య ఉండే రబ్బరే స్ప్రింగులా పనిచేస్తుంది. అది పొట్టిదైతే స్క్రూ లాగినకొద్దీ తోలే వంగాలి.

తూటాలు తీసేసి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, తుపాకీని ఒరలో పెట్టు. ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) ముందు, దాని కింద తోలు పొరల మధ్య ఎంత సందుందో కొలువు. రబ్బరు ఎత్తు అంతే ఉండాలి. మందపాటి రబ్బరు గొట్టం కోసుకున్నా చాలు, కోత మాత్రం నిటారుగా రావాలి. స్క్రూ రంధ్రం గార్డుకు ఆనుకునేంత దగ్గరొద్దు, రబ్బరు నలిగినప్పుడు పక్కకి ఉబ్బుతుంది.

తోలు తడిపి తుపాకీ ఆకారానికి నొక్కి, పూర్తిగా ఆరాకే రంధ్రం వెయ్యి. తడి మీద వేస్తే ఆరేసరికి జరిగిపోతుంది. మీ పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చేసేవాళ్లకి సన్నటి డ్రిల్లు పని బాగా తెలుసు, తోలు పంచ్ లేకపోతే వాళ్లనడుగు.

మామూలు ఇనుప స్క్రూ కొనకు. చెట్టు బెరడుతో పదును చేసిన తోలుకి ఇనుము, తడి తగిలితే నల్ల మరక పడుతుంది, అది సులువుగా పోదు. ఇత్తడి గానీ స్టెయిన్‌లెస్ గానీ తీసుకో. తల కింద వెడల్పు వాషర్ వెయ్యి. బిగువు కుదిరాక మరలకి నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూ ఊడకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క. ఎరుపు వద్దు, మళ్లీ విప్పడం కష్టం.