తెల్ల తెర ముందు దండం

ప్రశ్న: మా అబ్బాయిది జపాన్‌లోని ఒసాకాలో ఉద్యోగం. వచ్చే నెల మేం వెళ్తున్నాం, ఇసే గుడికి తీసుకెళ్తానంటున్నాడు. లోపల అమ్మవారిని చూడనివ్వరట, కట్టడం కూడా 2013లో కట్టిందేనట. మరి అంతదూరం వెళ్ళి ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా. మీరు సింహాచలం ఎన్నిసార్లు వెళ్ళి ఉంటారు? చందనోత్సవం ఒక్కరోజు తప్ప ఏడాదంతా మనం చూసేది అప్పన్న మీది చందనమే కదా, అయినా తృప్తిగానే కొండ దిగుతాం. ఇసేలో ఆ ఒక్కరోజు కూడా ఉండదు, అంతే తేడా.

అక్కడ కొలువైంది సూర్యదేవత అమతెరాసు. తమ్ముడు సుసనోవో ఆమె వరిమళ్ళ గట్లు తెంచి నానా ఆగడం చేస్తే అలిగి కొండగుహలోకి పోయి బండ మూసుకుంది. లోకమంతా చీకటి. అప్పుడు ఉజుమె అనే దేవత బోర్లించిన తొట్టె మీద ఎక్కి చిందులేస్తే దేవతలంతా పగలబడి నవ్వారట, ఆ నవ్వులేమిటా అని అమతెరాసు బండ కాస్త జరిపి చూస్తే ఎదురుగా అద్దం పట్టారు, అందులో తన వెలుగు తానే చూసి ఇంకాస్త ముందుకొచ్చేసరికి చెయ్యి పట్టి లాగేసి, వెనక్కి పోకుండా గుహకు అడ్డంగా తాడు కట్టారు. 712లో రాసిన కొజికి అనే జపాన్ పురాణగ్రంథంలో ఉందీ కథ. ఇసే గర్భగుడిలో ఉన్నది ఆ అద్దమేనని వాళ్ళ నమ్మకం. అది ఎవరికీ చూపించరు. మనం నిలబడేది ద్వారానికి వేలాడే తెల్ల తెర దగ్గర, గాలికి ఆ తెర కాస్త లేచినప్పుడు నాకైతే ఒళ్ళు జలదరించింది.

కట్టడం కొత్తదన్నది నిజమే, కానీ అదే దాని పాతదనం. 690 నుంచి, యుద్ధాలతో వందేళ్ళకు పైగా ఆగిపోయిన కాలం పక్కనపెడితే, ఇరవై ఏళ్ళకోసారి పక్క స్థలంలో అచ్చం అలాగే కొత్త గుడి కట్టి అమ్మవారిని అందులోకి మారుస్తున్నారు. 2013లో జరిగింది 62వది, మళ్ళీ 2033లో. పాత కలప కూడా పారెయ్యరు. ఇసుజు నది మీద వంతెన దగ్గర నిలబెట్టిన చెక్క తోరణాలు పాత గుళ్ళ స్తంభాలే, అక్కడ ఆగి చూడండి.

ఒసాకా నుంచి రైల్లో రెండు గంటలలోపే. ముందు గేకూ, అంటే అమతెరాసుకు రోజూ రెండుపూటలా నైవేద్యం జరిగే బయటి గుడి, ఆ తర్వాత బస్సులో నైకూ, అంటే అమతెరాసు కొలువైన లోపలి గుడి. దారంతా కంకరే కాబట్టి మెత్తటి బూట్లు వేసుకోండి. రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, దండం పెట్టుకుని మళ్ళీ ఒకసారి వంగాలి. చివరి రాతిమెట్ల పైన ఫొటోలు తియ్యకూడదు, ఫోన్ కిందే బ్యాగులో పెట్టేయండి.