రోడ్డు వెడల్పుకు అంగీకార పత్రం ఇమ్మంటున్నారు... సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక కార్పొరేషన్ పట్టణం. మెయిన్ రోడ్డు మీద నాన్నగారు కట్టించిన ఇల్లు, దాని ముందు ఒక షాపు ఉన్నాయి. ఆయన పోయాక నేను, తమ్ముడు వారసులం. రోడ్డు వెడల్పు ఆగిపోయిందని గత ప్రభుత్వంలో ఎమ్మెల్యే గారే చెప్పారు. ఎన్నికలయ్యాక మళ్లీ కదిలింది. మా ఇంట్లోకి 12 అడుగుల మేర ఎర్ర గీత గీశారు. ఎదురు వరసలో ఒక నాయకుడి కాంప్లెక్సుకు మాత్రం గీత లేదు. వార్డు కార్యదర్శి ప్రింటు చేసిన అంగీకార పత్రం తెచ్చారు. సంతకం పెడితే టీడీఆర్ (అభివృద్ధి హక్కుల బదిలీ) బాండు ఇస్తారట, లేకపోతే వారంలో జేసీబీ వస్తుందట. విస్తీర్ణం రాయాల్సిన చోట ఖాళీగా ఉంది. ఏం చేయాలి? షాపులో పదేళ్లుగా ఉన్న టైలర్ సంగతేమిటి?

జవాబు: ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. విస్తీర్ణం ఖాళీగా ఉన్న పత్రం మీద సంతకం పెడితే ఎన్ని గజాలు ఇచ్చారో రాసేది మీరు కాదు, వాళ్లు. పైగా మీరిద్దరు వారసులు. మీ తమ్ముడు లేకుండా మీరొక్కరే ఇచ్చే అంగీకారం ఆయన వాటాను కట్టడి చేయదు. రేపు మీ ఇద్దరి మధ్య తగవు పెట్టడానికి మాత్రం పనికొస్తుంది.

ఇక అసలు విషయం. ప్రజావసరానికి రోడ్డు వెడల్పు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. దాన్ని పూర్తిగా ఆపగలనని ఏ లాయరైనా మీకు మాట ఇస్తే నమ్మకండి. మీరు పోరాడాల్సింది రెండింటి కోసం: చట్టం చెప్పిన పద్ధతి, న్యాయమైన పరిహారం. ఆస్తి హక్కు ఒకప్పుడు ప్రాథమిక హక్కు. 44వ రాజ్యాంగ సవరణతో 1979 జూన్ నుంచి అది 300-ఎ అధికరణంలోకి మారింది. చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదన్నదే ఆ అధికరణం. ఎమ్మెల్యే మాట, కమిషనర్ ఫోను, గోడ మీది గీత... ఇవేవీ చట్టం కావు. మాస్టర్ ప్లాన్‌లో మీ ఇంటి మీదుగా 80 అడుగుల రోడ్డు చూపించినా, ఆ ఒక్క కారణంతో ఆ స్థలం కార్పొరేషన్‌ది అయిపోదు. అక్కడ రోడ్డు రావాలన్న ప్రతిపాదన మాత్రమే అది. స్థలం కావాలంటే మీతో ఒప్పందం చేసుకోవాలి, లేదా భూసేకరణ చట్టం కింద తీసుకోవాలి. మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలోని 146, 147 సెక్షన్లు చెప్పేది ఈ రెండు దారులే.

2024లో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు మీకు నేరుగా పనికొస్తాయి. మొదటిది మే నెలలో కలకత్తా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో వచ్చింది. చట్టంలో సేకరణ అధికారమే లేని సెక్షన్ పట్టుకుని ఒకరి స్థలం తీసుకున్నామని ఆ కార్పొరేషన్ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. నోటీసు ఇవ్వడం, అభ్యంతరం వినడం, కారణాలతో ఉత్తర్వు ఇవ్వడం, ప్రజా ప్రయోజనం ఉండటం, న్యాయమైన పరిహారం ఇవ్వడం లాంటివి ఆస్తి హక్కులో విడదీయరాని భాగాలని చెప్పి, కార్పొరేషన్‌కు 5 లక్షల రూపాయల ఖర్చులు వేసింది.

రెండోది నవంబరు 6న వచ్చింది, అచ్చం మీలాంటి కేసు. ఉత్తరప్రదేశ్‌లోని మహారాజ్‌గంజ్‌లో 2019లో రోడ్డు విస్తరణ పేరుతో ఒక ఇంటిని కూల్చేశారు. 3.7 మీటర్ల మేర రోడ్డును ఆక్రమించారన్నది అధికారుల వాదన. అది నిజమే అనుకున్నా ఇల్లు మొత్తం కూల్చడానికి అది కారణం కాదని చెప్పి, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 25 లక్షల మధ్యంతర పరిహారం ఇప్పించింది. అన్ని రాష్ట్రాలూ పాటించాల్సిన క్రమం కూడా చెప్పింది. ముందు రికార్డుల ప్రకారం రోడ్డు అసలు వెడల్పు ఎంతో తేల్చాలి. ఆక్రమణ ఉంటే నోటీసు ఇచ్చి, అభ్యంతరం విని, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి. ఉన్న రోడ్డు, దాని పక్కనున్న ప్రభుత్వ స్థలం చాలకపోతే, ముందు చట్టప్రకారం భూమి సేకరించి ఆ తర్వాతే వెడల్పు పని మొదలుపెట్టాలి.

కాబట్టి మీ మొదటి పని ఆ 12 అడుగులు ఎవరివో తేల్చుకోవడం. టౌన్ సర్వే రికార్డు నకలు, మీ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందరి దస్తావేజులు), ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీసి పక్కపక్కన పెట్టి కొలతలు సరిచూడండి. ఇంకో కాగితం కూడా వెతకాలి. చాలామంది దీన్ని మర్చిపోతారు. నాన్నగారు ప్లాన్ అనుమతి తీసుకున్నప్పుడు రోడ్డుకు పోయే భాగాన్ని ఉచితంగా వదిలేస్తామని రాసిచ్చారేమో చూడండి. ఆ కాగితం గానీ, గిఫ్టు డీడు గానీ కార్పొరేషన్ ఫైల్లో ఉంటే మీ కేసు బలం బాగా తగ్గుతుంది. ఉందో లేదో సమాచార హక్కు కింద అడగండి. దాంతో పాటే రోడ్డు ప్రతిపాదన ఉత్తర్వు, మార్కింగ్ నక్షా, సెంటర్ లైన్ (రోడ్డు నడిమి గీత) ఎక్కడి నుంచి తీశారన్నది కూడా అడగండి.

టీడీఆర్ విషయంలో తొందర వద్దు. అది డబ్బు కాదు. మీరు మరో చోట అదనపు అంతస్తు వేసుకోవడానికో, అవసరమున్న బిల్డర్‌కు అమ్ముకోవడానికో ఇచ్చే హక్కు. దాని విలువ విధానం చేతిలో ఉంటుంది. ప్రభుత్వం బాండ్లు ఎక్కువగా విడుదల చేసినా, అంతస్తుల నిబంధనలు సడలించినా కొనేవాళ్లు తగ్గి రేటు పడిపోతుంది. 2013 భూసేకరణ చట్టం కింద అయితే స్థలం మార్కెట్ విలువ, కట్టడం విలువ, దాని మీద 100 శాతం సొలేషియం (ఊరటగా ఇచ్చే అదనపు సొమ్ము) వస్తాయి. స్థలం విలువపై ఏడాదికి 12 శాతం చొప్పున అదనపు మొత్తం కూడా ఉంటుంది. పూర్తి పరిహారం చెల్లించాకే స్వాధీనం చేసుకోవాలని 38వ సెక్షన్ చెబుతోంది. ప్రాథమిక నోటిఫికేషన్ వస్తే అభ్యంతరాలకు 60 రోజుల గడువు ఉంటుంది. ఇంట్లో కొంత భాగమే తీసుకుంటే మిగిలింది కాపురానికి పనికిరాదనుకోండి, మొత్తం ఇల్లు సేకరించమని 94వ సెక్షన్ కింద అడగొచ్చు. 12 అడుగులు పోయాక మెట్లు, వంటగది నిలబడతాయా లేదా అన్నది ఒక ఇంజనీరుతో రాయించుకోండి. ఇవన్నీ చూశాక కూడా టీడీఆరే మేలనిపిస్తే తీసుకోండి, తప్పులేదు. అప్పుడు విస్తీర్ణం, నిష్పత్తి (వదిలిన స్థలానికి ఎన్ని రెట్ల బాండు అన్నది), బాండు చేతికిచ్చే తేదీ, కూల్చిన గోడ తిరిగి ఎవరు కడతారన్నది ఒప్పందంలో రాయించుకున్నాకే స్థలం వదలండి.

ప్రభుత్వం మారితే ఇవన్నీ తిరగబడవా అని మీకు అనుమానం రావచ్చు. పార్టీ మారిందన్న ఒక్క కారణంతో పాత ప్రభుత్వ నిర్ణయాన్ని తిరగదోడకూడదని సుప్రీంకోర్టు 2011లో తమిళనాడు సిలబస్ కేసులో చెప్పింది. అయితే నిర్ణయం అంటే ఉత్తర్వు. పాత ఎమ్మెల్యే నోటిమాట కోర్టులో నిలబడదు. అమరావతి రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. ప్రభుత్వం మారి రాజధాని ప్రణాళికే తలకిందులైనా, 2022 మార్చి 3న హైకోర్టు వాళ్లకు ప్లాట్లు అభివృద్ధి చేసి ఇవ్వాలని చెప్పగలిగిందంటే, చట్టం, సీఆర్‌డీఏతో (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థతో) చేసుకున్న ఒప్పంద పత్రం వాళ్ల వైపు ఉండటం వల్లే. అందులో గడువుల మీద ఆ ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. చేతిలో కాగితం ఉన్నవాళ్లే అన్నేళ్లు ఎదురుచూశారు. కాగితం లేని మీరు ఏ నమ్మకంతో స్థలం వదులుతారు?

ఎదుటి కాంప్లెక్సు సంగతి జాగ్రత్తగా ఎత్తండి. అలైన్‌మెంట్ (రోడ్డు వెళ్లే దారి) ఎటు పోవాలన్నది ఇంజనీర్ల పని అని కోర్టులు సాధారణంగా తప్పుకుంటాయి. ఫలానా నాయకుడి కోసమే గీత జరిపారని వాదించాలంటే ఆయన్ను పేరుతో ప్రతివాదిగా చేర్చాలి, రుజువులూ చూపాలి. అంతకంటే, పాత నక్షాలో సెంటర్ లైన్ ఒకచోట ఉండి, ఇప్పటి మార్కింగ్‌లో మీ వైపు జరిగిందని కొలతలతో చూపితే అందరినీ సమానంగా చూడాలనే 14వ అధికరణం కింద వాదన గట్టిగా నిలుస్తుంది.

ఈ వారంలోనే మీరిద్దరూ సంతకాలు పెట్టి కమిషనర్‌కు అభ్యంతర పత్రం ఇవ్వండి. రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో ఒకటి పంపి, ఆఫీసు ఇన్‌వార్డులో ఇంకొకటి ఇచ్చి ముద్ర వేయించుకోండి. గీతల ఫొటోలు తేదీతో సహా తీసి ఉంచండి. నోటీసు లేకుండా జేసీబీ వచ్చేలా ఉంటే హైకోర్టులో లంచ్ మోషన్ (అదే రోజు అత్యవసరంగా వినమని కోరే పిటిషన్) వేయొచ్చు. దానికి ఈ కాగితాలన్నీ ముందే సిద్ధంగా ఉండాలి.

టైలర్ విషయానికొస్తే, స్థలం పరిహారం ఆయనకు రాదు. కానీ సేకరణకు ముందు మూడేళ్లుగా ప్రధాన జీవనోపాధి అక్కడే ఉన్న కుటుంబాన్ని 2013 చట్టం బాధిత కుటుంబంగా చూస్తుంది. అద్దె రసీదులు, ట్రేడ్ లైసెన్సు, కరెంటు బిల్లులు జతచేసి ఆయన్ను విడిగా అభ్యంతరం వేయమనండి.