నాయనమ్మ పల్లవి, నాన్న చరణాలు: సినిమాకెక్కిన పాట మీద వారసులకు హక్కు ఉంటుందా?

ప్రశ్న (కుదించిన ఉత్తరం): మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. మా నాన్నగారు దర్జీ పని చేస్తూ, రాత్రిళ్లు పాటలు కట్టి పాడేవారు. మా నాయనమ్మ ఊడుపుల్లో పాడుకునే పల్లవిని తీసుకుని ఆయన చరణాలు కట్టిన పాట ఒకటి 1989లో ఒక కంపెనీ తెచ్చిన జానపద గీతాల క్యాసెట్‌లో వచ్చింది. 1,500 రూపాయలు చేతిలో పెట్టి స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఏ గుర్తింపూ లేకుండానే 2011లో ఆయన పోయారు. 2021 దసరాకు విడుదలైన ఒక సినిమాలో అదే పల్లవి, రెండో చరణం వినిపించాయి; రచయితగా వేరొకరి పేరు ఉంది. అడిగితే అది జానపదమని, ఎవరి సొత్తూ కాదని అన్నారు. తరువాత వారి మనిషి ఒకరు వచ్చి, మాట్లాడి పరిష్కరిస్తామని చెప్పి నాన్నగారి పాటల పుస్తకం పట్టుకెళ్లారు. నాలుగేళ్లుగా తిప్పుకుంటున్నారు. మా దగ్గర జిరాక్స్ మాత్రమే మిగిలింది. పాత నోటుబుక్కు సంపాదించి నాన్నగారి చేతిరాతలో తిరిగి రాయిద్దామని మా బావగారు, క్యాసెట్‌ను యూట్యూబ్‌లో పెట్టి సినిమా పాట మీద స్ట్రైక్ (కాపీరైట్ ఫిర్యాదు) వేద్దామని మా తమ్ముడు అంటున్నారు. ఆ పాట టీవీలో వస్తే అమ్మ లేచి వెళ్లిపోతోంది. మాకు న్యాయం దొరుకుతుందా?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం మీ నాన్నగారి కష్టం గురించి, అమ్మగారి బాధ గురించి ఉంది. కోర్టు వాటి మీద తీర్పు చెప్పదు. మీ కేసును నిలబెట్టేదీ పడగొట్టేదీ మీరు ఆప్యాయంగా రాసిన ఒక్క వాక్యం: నాయనమ్మ పాడుకునే పల్లవిని తీసుకుని నాన్నగారు చరణాలు కట్టారన్నది. ఎదుటి న్యాయవాది మిమ్మల్ని బోనులో నిలబెట్టి అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. కాబట్టి దాన్ని దాచే ప్రయత్నం చేయవద్దు. మీ దావా మొదటి పేరాలోనే నిజం నిజంగా చెప్పండి. తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చిన పల్లవి మీద మీ నాన్నగారికి కాపీరైట్ లేదు, సినిమా వారికీ లేదు. అయితే పాత పల్లవికి ఒక మనిషి తన సొంత మాటలతో చరణాలు కడితే, ఆ చరణాల వరకు అది అతని రచనే అవుతుంది. అందులో కొంతైనా సొంత సృజన ఉండాలని సుప్రీంకోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో చెప్పింది. అంటే మీ పోరాటం మొత్తం పాట మీద కాదు, సినిమాలోకి వెళ్లిన రెండో చరణం మీద మాత్రమే. మొత్తం పాట మాదేనని దావా వేస్తే, పల్లవి దగ్గర ఓడిన వెంటనే చరణం మీద కూడా మీ మాటకు విలువ తగ్గిపోతుంది.

బాణీ సంగతి కూడా వదిలేయండి. అది నాయనమ్మ పాడిన బాణీయేనని మీరే రాశారు. అదీ గాక, 1994లో చట్టాన్ని సవరించే వరకు సంగీత రచన అంటే స్వరలిపిలో రాసి ఉన్నదేనని నిర్వచనం ఉండేది. 1989లో మీ నాన్నగారు గొంతుతో పాడారే తప్ప స్వరాలు రాసి పెట్టలేదు. పాటలోని మాటలకు సాహిత్య రచనగా, బాణీకి సంగీత రచనగా చట్టం వేర్వేరుగా రక్షణ ఇస్తుంది. మీకు బలమున్నది మాటల వైపు.

మీరు పంపిన రెండు పాఠాలను (మీ నాన్నగారిది, సినిమాది) పక్కపక్కన పెట్టి చూశాను. మీ ఊరి చెరువు పేరు రెండో చరణంలో ఉంది. బయటి ఊరివాళ్లకు తెలియని ఆ పేరు సినిమా పాటలోనూ ఉన్నది ఉన్నట్టుగా ఉంది. అంతకంటే ముఖ్యమైనది చరణంలోని మూడో పాదం. జిరాక్స్‌లో అది ‘తెల్లవారకుండ’ అని ముగుస్తోంది. క్యాసెట్‌లో మీ నాన్నగారు, బహుశా తాళానికి చాలక, ‘తెల్లారనియ్యక’ అని పాడారు. సినిమా పాటలో ఉన్నది ఈ రెండోదే. ఊరి నోళ్లలో నలిగిన పాటను ఎవరో విని రాసుకున్నారంటే ఒక మాట ఎక్కడో ఒకచోట మారుతుంది. ఇక్కడ మాత్రం క్యాసెట్‌లో మారిన మాట కూడా మారినట్టే దిగింది. ఒక రచనలో నుంచి మరొకటి పుట్టిందా అని తేల్చడానికి 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి ప్రకారం, రెండింటినీ చదివిన లేదా చూసిన మనిషికి ఇది దాని నకలేనన్న అభిప్రాయం తప్పనిసరిగా కలగాలి. మీ మూడో పాదం ఆ పని చేయగలదు.

అయినా అవతలివారు ఊరుకోరు. ఆ చరణం కూడా మీ ఊరి పాటేనని, చెరువు పేరు ఉండటమే అందుకు రుజువని వాదిస్తారు. దానికి జవాబు మీ ఊళ్లోనే ఉంది. ఊడుపు పాటలు తెలిసిన పెద్ద వయసు స్త్రీలను ఇద్దరు ముగ్గురిని కలిసి, పల్లవి ఎప్పటి నుంచి విన్నారో, చరణాలు ఎవరి నోట మొదట విన్నారో అడగండి. ‘పల్లవి అందరం పాడేదే, ఈ చరణాలు మాత్రం దర్జీ గారు కట్టినవి’ అని వాళ్లు కోర్టులో చెప్పగలిగితే, అది ఏ పండితుడి అభిప్రాయం కంటే బరువైన సాక్ష్యం. వాళ్లకు ఏం చెప్పాలో మీరు నేర్పవద్దు. వాళ్ల జ్ఞాపకం వాళ్లదిగానే ఉండాలి. వాళ్ల వయసు దృష్ట్యా ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేసేది కాదు.

ఇక క్యాసెట్ పెట్టెలోని ఇన్‌లే కార్డు. దాని మీద మీ నాన్నగారి పేరు ఉందని రాశారు గాని, పేరు ముందు ‘గానం’ అని ఉందా, ‘రచన, గానం’ అని ఉందా అన్నది రాయలేదు. అచ్చయిన ప్రతి మీద రచయితగా ఎవరి పేరుంటే, కాదని రుజువయ్యే వరకు వారినే రచయితగా భావించాలని కాపీరైట్ చట్టం సెక్షన్ 55 చెబుతోంది. ‘రచన’ అన్న మాట ఉంటే ఆ సెక్షన్ మీద మీరు ఆధారపడవచ్చు. అప్పుడు కాదని నిరూపించే బరువు అవతలివారి మీద పడుతుంది. ‘గానం’ అని మాత్రమే ఉంటే నిరూపించే బరువు మీ మీదే ఉంటుంది. హక్కుదారు పేరు, మొదట ప్రచురించిన సంవత్సరం పెట్టె మీద ముద్రించాలని 1984 సవరణ నుంచి నియమం ఉంది కనుక, తేదీ రుజువుకూ ఆ కార్డు పనికొస్తుంది. మీ నాన్నగారు విశాఖపట్నం ఆకాశవాణిలో రెండుసార్లు పాడారని రాశారు. ఆ పాటల జాబితా గాని, ఒప్పంద పత్రం గాని రికార్డులో ఉంటే నకలు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.

స్టాంపు కాగితాన్ని చదవకుండా ఒక్క అడుగూ వేయకూడదు. కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగా, ఇచ్చేవారి సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకు ఇచ్చారో అందులో రాయకపోతే అది అయిదేళ్లకే ఇచ్చినట్టు అన్న సెక్షన్ 19 నియమం 1994 సవరణతో, అంటే మీ కాగితం తరువాత వచ్చింది; కనుక దాని మీద మీరు ఆధారపడలేరు. కాగితంలో గడువు రాసి ఉండి అది ముగిసి ఉంటేనో, అసలు కాపీరైట్ బదిలీయే అందులో లేకపోతేనో హక్కు మీ నాన్నగారిదే. ఆయన పోయిన తరువాత మీ అమ్మగారికి, మీకు, మీ తమ్ముడికి సమానంగా సంక్రమించింది. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల పాటు, అంటే 2071 ముగిసే వరకు ఆ హక్కు ఉంటుంది. కాగితంలో ‘సర్వహక్కులు శాశ్వతంగా’ అన్న మాటలుంటే మాత్రం డబ్బు విషయంలో మీ దారి ఇరుకవుతుంది. నకలు మీ దగ్గర లేకపోతే క్యాసెట్ కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో రాసి అడగండి. సినిమా వారు ఆ కంపెనీ నుంచి హక్కు కొన్నామని అంటే, ఆ కాగితం కోర్టులో పెట్టాల్సిన బాధ్యత వాళ్లదే.

పుస్తకం విషయంలో మిమ్మల్ని మందలించక తప్పదు. మీ నాన్నగారి జీవితకాలపు సొంత రాతను, మీతో వివాదంలో ఉన్నవారి మనిషి చేతికి, ఒక రసీదు గాని కనీసం ఒక ఫోటో గాని లేకుండా ఎలా ఇచ్చారు? ముప్పై ఏళ్లు దాటిన పత్రం సరైన వారి ఆధీనం నుంచి వస్తే, అందులోని చేతిరాత ఫలానా వారిదేనని కోర్టు అనుమానం లేకుండా స్వీకరించే వీలుంది. భారతీయ సాక్ష్య అధినియంలో ఇది సెక్షన్ 92. ఆ సౌకర్యం అసలు పత్రానికే తప్ప జిరాక్స్‌కు వర్తించదు. ఎవరూ మీ నుంచి లాక్కోకుండానే మీ దగ్గరున్న అతి బలమైన సాక్ష్యాన్ని మీరే అప్పగించారు.

దీనికి మీ బావగారు చెప్పిన మందు రోగం కంటే ప్రమాదకరమైనది. పాత నోటుబుక్కులో కొత్తగా రాయించి అది నాన్నగారిదని కోర్టులో పెట్టడం తప్పుడు సాక్ష్యం సృష్టించడమే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద దీనికి ఏడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. రాయించినవారు, రాసినవారు, తెలిసి దాన్ని దాఖలు చేసిన మీరు, అందరూ ముద్దాయిలవుతారు. సిరాను, రాతను పరీక్షించడానికి ఫోరెన్సిక్ నిపుణులున్నారు. అంతకంటే ముఖ్యంగా, అసలు పుస్తకం అవతలివారి చేతిలోనే ఉంది! మీరు నకిలీ దాఖలు చేసిన మరునాడు వాళ్లు అసలును బయటపెడితే, నిజంగా మీ నాన్నగారిదైన చరణం కూడా అబద్ధాల కుప్పలో కలిసిపోతుంది. ఈ ఆలోచనను ఈరోజే వదిలేయండి. మీ జిరాక్స్ మీద ఒక్క గీత కూడా గీయవద్దు.

చట్టబద్ధమైన మార్గం వేరే ఉంది. పుస్తకాన్ని ఫలానా రోజున ఫలానా వ్యక్తికి ఇచ్చామని, దాన్ని తిరిగి ఇవ్వాలని, లేదంటే కోర్టులో హాజరుపరచాలని ఆ వ్యక్తికీ నిర్మాణ సంస్థకూ న్యాయవాది ద్వారా నోటీసు పంపండి. అసలు పత్రం ఎదుటివారి ఆధీనంలో ఉండి, నోటీసు ఇచ్చినా తేకపోతే, నకలును సాక్ష్యంగా పెట్టుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. జిరాక్స్ తీసిన షాపు, తేదీ, తీయించింది ఎవరన్నది ఇప్పుడే రాసి పెట్టుకోండి. మీ నాన్నగారి రాత ఎరిగినవారు జిరాక్స్‌లోనిది ఆయన రాతేనని చెప్పవచ్చు. పుస్తకం తీసుకున్న మనిషి పంపిన వాట్సాప్ సందేశాలు ఉంటే ఆ ఫోన్‌ను మార్చవద్దు, అమ్మవద్దు; వాటిని దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియం సెక్షన్ 63 కోరే ధ్రువపత్రం జతచేయాలి.

కాలపరిమితి దగ్గర మీరు ఇప్పటికే నష్టపోయారు. కాపీరైట్ ఉల్లంఘనకు నష్టపరిహారం కోరే దావా, ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి మూడేళ్లలో వేయాలి. 2021 దసరాకు థియేటర్లలో ఆడిన ఆట మీద ఆ గడువు 2024లోనే ముగిసింది. ‘సార్‌తో మాట్లాడతాం’ అన్న నోటిమాటలు గడువును ఒక్క రోజు కూడా పొడిగించవు. బాధ్యతను ఒప్పుకుంటూ, గడువు లోపల, సంతకంతో రాసిచ్చిన కాగితానికి మాత్రమే ఆ శక్తి ఉంది. అయితే పాట ఇప్పటికీ టీవీలో, ఇంటర్నెట్‌లో వస్తూనే ఉంది కనుక, ప్రతి కొత్త ప్రసారమూ కొత్త ఉల్లంఘన అవుతుందని వాదించి, దావా వేసే నాటికి వెనుక మూడేళ్ల వరకు లెక్క అడగవచ్చు. మీరు ఆలస్యం చేసే ప్రతి నెలా ఆ లెక్కలో నుంచి ఒక నెల జారిపోతుంది.

డబ్బు కంటే పేరు ముఖ్యమని మీ ఉత్తరం చివర రాశారు. ఆ విషయంలో మీ పరిస్థితి మెరుగ్గా ఉంది. కాపీరైట్ చట్టం సెక్షన్ 57 ప్రకారం, కాపీరైట్‌ను పూర్తిగా అమ్ముకున్న రచయితకు కూడా ఇది నా రచన అని చెప్పుకునే హక్కు మిగిలే ఉంటుంది. 2012కు ముందు ఆ పేరు హక్కును రచయిత బతికుండగా ఆయనే అడగాలి, వారసులకు ఆ అధికారం లేదు. ఆ సంవత్సరపు సవరణలో ఆ అడ్డు తొలగింది. సినిమా వచ్చింది 2021లో కాబట్టి, స్టాంపు కాగితంలో ఎంత కఠినమైన మాటలున్నా, రెండో చరణం రచయితగా మీ నాన్నగారి పేరు వేయాలని మీరు కోర్టును కోరవచ్చు.

మీ తమ్ముడి ఆలోచన గురించి ఒక్క మాట. 1989 నాటి ఆ రికార్డింగ్ మీద హక్కు, దానిలోని రచన మీద హక్కు వేరు. రికార్డింగ్ మీద క్యాసెట్ కంపెనీకి 2049 చివరి వరకు హక్కు ఉంటుంది. దాన్ని మీరు యూట్యూబ్‌లో పెడితే ఉల్లంఘించేది మీరవుతారు. ఆధారం లేకుండా స్ట్రైక్‌లు వేస్తే, సెక్షన్ 60 కింద మీ బెదిరింపులు నిరాధారమని వాళ్లే మీ మీద దావా వేయవచ్చు. ఇప్పుడు హడావిడిగా కాపీరైట్ రిజిస్ట్రేషన్‌కు పరుగెత్తడం వల్ల కూడా లాభం తక్కువ; హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు, పైగా వివాదం మొదలయ్యాక పెట్టిన దరఖాస్తుకు అవతలివారి అభ్యంతరం ఎలాగూ వస్తుంది.

ముందు ఇన్‌లే కార్డు, స్టాంపు కాగితం పట్టుకుని మేధోసంపత్తి కేసులు చూసే న్యాయవాదిని కలవండి. పుస్తకం కోసం నోటీసు ఈ నెలలోనే వెళ్లాలి. దావా వేయాల్సి వస్తే, సెక్షన్ 62 వల్ల మీరు నివసించే ప్రాంతం మీద అధికారమున్న కోర్టులోనే వేయవచ్చు. హైదరాబాద్ తిరగనక్కర లేదు. అమ్మగారు, తమ్ముడు వాదులుగా చేరాలి, లేదా ప్రతివాదులుగానైనా ఉండాలి. వివాదం విలువ 3 లక్షల రూపాయలు దాటి వాణిజ్య వివాదంగా వెళితే, తక్షణ ఉత్తర్వు అవసరం లేనప్పుడు ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. అక్కడ గడిచిన కాలం మీ గడువులో లెక్కకు రాదు. నా అభిప్రాయంలో మీ విషయం అక్కడే తేలే అవకాశం ఎక్కువ. అక్కడ రెండు అడగండి: ఇంటర్నెట్‌లో ఉన్న పాట వివరాల్లో రెండో చరణానికి మీ నాన్నగారి పేరు, మూడేళ్ల రాబడిలో ఆ చరణానికి తగిన వాటా. ఏ ఒప్పందానికి వచ్చినా, పుస్తకం అసలు ప్రతి మీ చేతికి వచ్చాకే సంతకం పెట్టండి.