కొత్త ఏంజెల్‌ఫిష్‌ను రీఫ్ ట్యాంకులోకి ఎలా వదలాలి? పాత చేపలు కొట్టకుండా ఏమి చేయాలి?

మీ రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు, 300 లీటర్లది, ఏడాదిగా నడుస్తోంది. అందులో జత క్లౌన్‌ఫిష్, ఒక నీలి డామ్సెల్ చేప, ఒక రాయల్ గ్రామా చేప, కొన్ని మెత్తని పగడాలు ఉన్నాయి. శనివారం చెన్నై నుండి కోరల్ బ్యూటీ అనే చిన్న సముద్రపు ఏంజెల్‌ఫిష్ వస్తోంది, సంచిని అరగంట నీటిపై తేలనిచ్చి వదిలేయవచ్చా అని అడిగారు. వద్దండీ. దయచేసి అలా చేయకండి. ఆ పని నేను చేసి, ఫలితం కళ్లారా చూశాను కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

హైదరాబాద్‌లో మా ఇంటి ట్యాంకు కూడా ఇంచుమించు మీదంతే. 2019లో మొదటి కోరల్ బ్యూటీని తెచ్చిన రోజు సంచిని అరగంట తేలనిచ్చి, వలతో తీసి నేరుగా వదిలాను. నిమిషం తిరగకముందే డామ్సెల్ దాని మీదికి దూసుకెళ్లింది. రాత్రంతా అది రాళ్ల వెనుక ఇరుకులో నక్కి ఉంది. తెల్లారేసరికి తోక చినిగిపోయింది. ఆహారం వేస్తే బయటికి వచ్చేది కాదు. అయిదో రోజున ఒంటి మీద ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించాయి, పన్నెండో రోజున చనిపోయింది. అంతటితో ఆగలేదు. ఆ జబ్బు నాలుగేళ్లుగా పెంచుకుంటున్న క్లౌన్‌ఫిష్ జతకు అంటుకుంది. నెల తిరిగేలోగా అవీ పోయాయి. మా అమ్మాయి బడికి వెళ్లే ముందు రోజూ అద్దం దగ్గర నిలబడి వాటిని పలకరించేది. ఆ తరువాత చాలా రోజులు ఆ గదిలోకే రాలేదు. చేపను దెబ్బలాటా జబ్బూ కలిసి చంపాయి. భయంతో తిండి మానేసిన చేప జబ్బును తట్టుకోలేదు. అందుకే ఈ రెండింటినీ వేరువేరు సమస్యలుగా చూడవద్దని చెబుతాను.

ముందు మీ శనివారం సంగతి. దుకాణానికి ఫోను చేసి, బయానా కట్టి, చేపను ఇంకో వారం పది రోజులు అక్కడే ఉంచమని అడగండి. రెండోసారి నేను అలాగే చేశాను. పట్టుబడి, సంచుల్లో దేశాలు దాటి వచ్చిన చేపకు ఆ విశ్రాంతి ప్రాణం పోస్తుంది. అది ఆహారం తింటున్న వీడియో పంపమనండి. పొట్ట లోపలికి పీక్కుపోయినా, తల వెనుక కండ నొక్కుకుపోయినట్టు కనిపించినా, మొప్పలు ఆగకుండా ఎగపోస్తున్నా ఎంత అందంగా ఉన్నా తీసుకోవద్దు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా సముద్రాల్లో సైనైడ్ చల్లి చేపలు పట్టే అలవాటు చాలాకాలం ఉంది. అలా పట్టిన చేప పైకి చక్కగానే ఉండి కొన్ని వారాలకు పోవచ్చు. కళ్లెదుట తింటున్న చేపనే కొనండి. అంతకుమించిన పరీక్ష నాకు తెలియదు.

మంచినీటి చేపలు అమ్మే చోట ఏంజెల్ అంటే అమెజాన్ నదీ ప్రాంతపు బల్లపరుపు చేపను చూపిస్తారు. సముద్రపు ఏంజెల్‌తో దానికి చుట్టరికం లేదు. సముద్రపు ఏంజెల్‌కు మొప్ప కప్పు అడుగున వెనక్కి తిరిగిన ముల్లు ఉంటుంది. సీతాకోకచిలుక చేపలకు, వీటికి తేడా చెప్పే గుర్తు అదే. వలతో పడితే ఆ ముల్లు దారాల్లో చిక్కుకుని, విడదీసేటప్పుడు చేపకు గాయమవుతుంది. నేను మొదటిసారి చేసిన తప్పుల్లో అదొకటి. ఇప్పుడు చేపను ప్లాస్టిక్ డబ్బాలోకి తోలి, నీటితో సహా ఎత్తుతాను.

సంచి విషయంలో చాలామంది శ్రద్ధ పేరుతో హాని చేస్తారు. చెన్నై నుండి రాత్రంతా ప్రయాణించిన సంచిలో చేప విసర్జించిన అమ్మోనియా పోగవుతుంది. అదే నీటిలో కార్బన్ డయాక్సైడ్ కూడా పెరిగి పీహెచ్ తగ్గుతుంది కనుక ఆ అమ్మోనియా చాలావరకు హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి ముడి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. అప్పుడు గొట్టంతో రెండు గంటలపాటు చుక్కచుక్కగా మన నీరు కలుపుతూ కూర్చుంటే చేప ఆ విషంలోనే నానుతుంది. ముడి విప్పకుండా సంచిని తేలనిచ్చి ఉష్ణోగ్రత సమానం చేయండి, విప్పాక ఆలస్యం చేయకుండా చేపను బయటికి తీయండి.

మరి ఉప్పు తేడా మాటేమిటి? చాలా దుకాణాలు నీటి సాంద్రతను 1.020 దగ్గర ఉంచుతాయి. మన రీఫ్‌లో 1.025 ఉంటుంది. ఉప్పు తగ్గితే చేప బాగానే తట్టుకుంటుంది, ఒక్కసారిగా పెరిగితే తట్టుకోలేదు. కనుక ఎంత ఉందో దుకాణాన్ని ముందే అడిగి, క్వారంటైన్ తొట్టెను (కొత్త చేపను ముందు విడిగా ఉంచే తొట్టెను) అదే అంకెకు సిద్ధం చేసి పెట్టండి. ఆ తరువాత రోజుకు 0.001 చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ లేకపోతే చేప కంటే ముందు అది కొనండి.

క్వారంటైన్‌కు పెద్ద ఏర్పాటేమీ అక్కరలేదు. నాది 80 లీటర్ల మామూలు గాజు తొట్టె. రాళ్లు, ఇసుక ఉండవు. దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు, ఒక హీటరు, నెల రోజులు పెద్ద ట్యాంకు సంప్‌లో (నీటిని శుద్ధి చేసే కింది తొట్టెలో) నానిన స్పాంజి ఫిల్టర్, కరెంటు పోయినా నడిచే బ్యాటరీ గాలి పంపు ఉంటాయి. ఆ స్పాంజిలో మేలుచేసే బ్యాక్టీరియా కుదురుకుని ఉండకపోతే చేపను సొంత అమ్మోనియాయే చంపుతుంది.

తెల్లమచ్చల జబ్బు తెచ్చే క్రిప్టోకార్యాన్ పరాన్నజీవి చేప ఒంటి మీద 3 నుండి 7 రోజులు ఉండి రాలిపోతుంది. అడుగున గట్టి తిత్తి కట్టుకుని, అందులో విభజన చెంది, మళ్లీ చేపను వెతుక్కుంటూ ఈదుతుంది. తిత్తి పగలడానికి సాధారణంగా మూడు రోజులైనా పడుతుంది. ఈ లెక్క మీదే తొట్టె మార్పిడి పద్ధతి నడుస్తుంది. 72 గంటలు దాటనివ్వకుండా చేపను పూర్తిగా శుభ్రమైన, ఆరబెట్టిన మరో తొట్టెలోకి మార్చాలి. అలా నాలుగు మార్పులు, 12 రోజులు. రాలిన తిత్తులు పాత తొట్టెలోనే మిగిలిపోతాయి. ప్రతి మార్పిడికీ కొత్త నీరు కలపాలి, తొట్టె, గొట్టాలు, గాలి రాయి అన్నీ ఆరబెట్టాలి కనుక శ్రమ ఎక్కువే. ఈ 12 రోజులు ఆ స్పాంజిని తొట్టెలో పెట్టకండి, తిత్తులు దానితోపాటు వచ్చేస్తాయి. కోరల్ బ్యూటీ లాంటి మరుగుజ్జు ఏంజెల్స్ ఈ జబ్బుకు మామూలుగా వాడే రాగి మందును సరిగా తట్టుకోవు కనుక నేను ఈ దారి ఎంచుకున్నాను. ఈ మార్పిడి పద్ధతి వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బుకు పనిచేయదు. ఒంటి మీద సన్నని పొడి చల్లినట్టుండి, చేప వేగంగా ఊపిరి పీలుస్తూ వెలుతురుకు దూరంగా తప్పుకుంటుంటే అది వెల్వెట్ కావచ్చు. దానికి గంటలే గడువు, వెంటనే రాగి చికిత్స మొదలుపెట్టాలి. రాగి మందు ఏదైనా సరే రీఫ్‌లో మాత్రం చుక్క కూడా వేయకూడదు, రొయ్యలు, నత్తలు, పగడాలు చనిపోతాయి. మార్పిడి ముగిశాక నా రెండో కోరల్ బ్యూటీని స్పాంజి ఫిల్టర్ ఉన్న తొట్టెలో మరో నాలుగు వారాలు ఉంచి గమనించాను.

ఆ నాలుగు వారాలు దానికి తిండి నేర్పే కాలం కూడా. మొదట మైసిస్ రొయ్యలు తప్ప దేన్నీ ముట్టలేదు. నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) ఆకును చిన్న రాయికి కట్టి వేశాను. మూడు రోజులు దాని చుట్టూ తిరిగి, నాలుగో రోజు ఒక మూల కొరికింది. ఆ ఉదయం నాకు కలిగిన సంతోషం చెప్పలేను. తరువాత స్పిరులినా, సముద్రపు స్పాంజి జీవి కలిపిన ఏంజెల్ ఆహారం కూడా తిన్నది. రీఫ్‌లోకి వెళ్లే నాటికి పొట్ట గుండ్రంగా, కళ్లు చురుగ్గా ఉండాలి.

ఇక మీ అసలు భయం, డామ్సెల్. కోరల్ బ్యూటీ రోజంతా రాళ్ల మీది నాచును గిల్లుకుంటూ బతికే చేప. డామ్సెల్స్‌లో కొన్ని జాతులు రాతి మీది నాచును సొంత పొలంలా కాపలా కాస్తాయి. మిగతావి కూడా తమ గూటి పొలిమేరలోకి ఎవరినీ రానివ్వవు. మీ నీలి డామ్సెల్ ఏడాదిగా అక్కడ కాపురం ఉంటోంది. నా సలహా సూటిగా చెబుతాను: వీలైతే దాన్ని పట్టి ఎవరికైనా ఇచ్చేయండి. నేను ఇచ్చేశాను. దాన్ని పట్టడానికి రెండు వారాలు పట్టింది. డబ్బాలో ఆహారం పెట్టి రోజూ అలవాటు చేసి, చివరికి మూత వేశాను.

ఇవ్వడం ఇష్టం లేకపోతే, కొత్త చేపను రంధ్రాలున్న పారదర్శక అక్రిలిక్ పెట్టెలో ఉంచి ట్యాంకులో వేలాడదీయండి. నాకు డామ్సెల్ లేకపోయినా, తరువాత తెచ్చుకున్న క్లౌన్‌ఫిష్ కోసం అయిదు రోజులు ఉంచాను. మొదటి రోజు పెద్ద క్లౌన్ పెట్టె గోడను పదేపదే పొడిచింది. మూడో రోజుకు దారిన పోతూ ఒకసారి చూసి వెళ్లింది. అయిదో రోజున పెట్టె పక్కనే ఇద్దరికీ ఒకేసారి ఆహారం వేస్తే ఎవరి తిండి వాళ్లు తిన్నారు. ఆ సాయంత్రం రెండు మూడు రాళ్లు అటూ ఇటూ మార్చి, పాత హద్దులు చెరిపి, దీపాలు ఆర్పాక పెట్టె మూత తీశాను. అది తనంతట తానే బయటికి వచ్చింది. మర్నాడు ట్యాంకు బయట ఒక పక్క అద్దం ఆనించాను. క్లౌన్ తన ప్రతిబింబంతో పోట్లాడుతుంటే కొత్త చేప ఊరంతా తిరిగి చూసుకుంది.

ఒకసారి కుదురుకున్నాక కోరల్ బ్యూటీయే అజమాయిషీ చేస్తుంది. కనుక ఫైర్‌ఫిష్ లాంటి పిరికి చేపలు తెచ్చే ఆలోచన ఉంటే వాటిని ముందే తెచ్చుకోండి, ఏంజెల్ ఆఖరున రావాలి. రెండో మరుగుజ్జు ఏంజెల్‌ను 300 లీటర్లలో పెట్టవద్దు. ఎంపరర్ ఏంజెల్ పిల్లలు నీలి ఒంటి మీద తెల్లటి వలయాలతో మనసు దోచేస్తాయి కానీ, అవి 40 సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి.

పగడాలను కొరకదా అంటే, కొరకదని ఎవరూ హామీ ఇవ్వలేరు. నాది మొదటి రెండు వారాలు జోయాంథిడ్లను (గుత్తులుగా పెరిగే, పగడాల్లాంటి మెత్తని జీవులను) గిల్లింది. రోజుకు మూడుసార్లు కొంచెం కొంచెంగా తిండి, పగలంతా నోరి ముక్క అందుబాటులో ఉంచాక చాలావరకు మానింది. గట్టి పగడాల్లో కండపుష్టి ఉన్న రకాలు, పెద్ద ఆల్చిప్పలు మాత్రం దాని కళ్లముందు పెట్టకండి. అయినా మన సముద్రాల గట్టి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, ఎవరైనా అమ్మజూపినా కొనకండి.

ఈ రాత్రికి ఒక పని చేయండి: కొత్త స్పాంజి ఫిల్టర్ ఒకటి తెచ్చి మీ సంప్‌లో వేయండి. రేపు దుకాణానికి ఫోను చేసి చేపను ఉంచమని అడిగినప్పుడు, అక్కడి నీటి సాంద్రత ఎంతో, చేప ఏమి తింటోందో కూడా కనుక్కుని ఇక్కడ రాయండి. మీ తొట్టెను ఏ అంకెకు సిద్ధం చేయాలో కలిసి చూద్దాం.