శబ్దం అంటే ఏంటో పిల్లలకు ఎలా చూపించాలి? గంటె, సీసా, డప్పుతో మా అనుభవం

ఆరేళ్ల బాబుకూ తొమ్మిదేళ్ల పాపకూ శబ్దం ఎలా పుడుతుందో ఇంట్లో సామానుతోనే చూపించాలని అడిగారు కదా. మాది హన్మకొండ. మా పిల్లలదీ కాస్త అటూ ఇటూగా అదే వయసు. పోయిన ఎండాకాలమంతా మా ఇంట్లో ఇదే గోల.

ఏదైనా వేగంగా అటూ ఇటూ ఊగితే శబ్దం పుడుతుంది, ఆ ఊగడాన్నే ‘కంపనం’ అంటారు. ముందు ఆ మాట పక్కన పెట్టండి. గొంతు మీద చెయ్యి పెట్టుకుని పాట పాడమనండి. వేళ్లకు జుమ్మని తగులుతుంది. చిన్నవాడికి అది చాలు.

తర్వాత గంటె. రెండు మూరల పురికొస మధ్యలో స్టీలు గంటె కట్టి, రెండు కొసలు చూపుడు వేళ్లకు చుట్టి, ఆ వేళ్లతో చెవులు మూసుకుని, వంగి గంటెను బల్లకు తగిలించాలి. పక్కనున్నవాళ్లకు టింగుమంటుంది, అంతే. చెవులు మూసుకున్నవాళ్లకు మాత్రం గుడిగంటే! మావాడు ఎవరు కొట్టారా అని వెనక్కి తిరిగి చూశాడు. గాలిలోనైతే శబ్దం నాలుగు దిక్కులా చెదిరిపోతుంది, దారం మాత్రం నేరుగా వేలికి మోసుకొస్తుంది. ఊలు దారం వద్దు, మెత్తగా ఉండి శబ్దాన్ని మింగేస్తుంది.

సీసాల దగ్గర నా పరువు పోయింది. నీళ్లు పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుందని చెప్పి, గాజు సీసా మూతి మీద ఊది చూపించాను. మా పాప అదే సీసాను చెంచాతో కొట్టింది. నీళ్లు పోసేకొద్దీ శబ్దం బొంగురుపోతోంది! ‘అమ్మా, నువ్వు తప్పు చెప్పినవ్’ అంది. కాసేపు ఆలోచిస్తే గానీ వెలగలేదు. ఊదితే ఊగేది లోపలి గాలి, నీళ్లు పెరిగితే ఆ గాలి తగ్గి వేగంగా ఊగుతుంది, శబ్దం సన్నబడుతుంది. కొడితే ఊగేది సీసా, నీళ్లు దాన్ని బరువెక్కిస్తాయి, అది నెమ్మదిగా ఊగి శబ్దం బొంగురుపోతుంది. మీ పాపకు ఇదే ఇవ్వండి, జవాబు ముందే చెప్పకండి.

గిన్నెకు బెలూన్ బిగించి, పైన ఆవాలు పోసి, పక్కన పళ్లెం మోగించి ఆవాల్ని గెంతించే ప్రయోగం అందరూ చెప్పేదే. బెలూన్ వదులుగా ఉంటే ఆవాలు కదలవు. మాకు రెండు చిరిగాక కుదిరింది.

ఆ బిగుతు సంగతి మావాడికి అర్థమైంది మాత్రం పరకాల దగ్గర ఒక పెళ్లిలో. డప్పు కొట్టే తాత వరిగడ్డి మంటకు డప్పు కాపుతుంటే, ‘తాతా, దానికి చలి పెడుతుందా?’ అని అడిగాడు. ఆయన నవ్వి, కాపకముందు ఒక దెబ్బ, కాపాక ఒక దెబ్బ వేసి వినిపించాడు. మొదటిది దబ్బుమంది, రెండోది కణేల్‌మంది. వేడికి తోలులో తేమ పోయి బిగుసుకుంటుంది, బిగుసుకున్న తోలు వేగంగా ఊగుతుంది. చెక్క చట్రం మీద వేళ్లు కూడా పెట్టనిచ్చాడు. ఈసారి మీరు పెళ్లికి వెళ్తే బరాత్ మొదలవ్వకముందే అడగండి. మొదలయ్యాక ఎవరి మాటా ఎవరికీ వినబడదు.