పాఠకుల సందేహాలు: మధ్యకు మడిచే రివాల్వర్ ఎప్పటిది?

ప్రశ్న: 1857 తిరుగుబాటు నేపథ్యంలో వచ్చే సినిమాల్లో ఆంగ్లేయ అధికారి రివాల్వర్‌ను మధ్యకు మడిచి, ఖాళీ తూటాలను ఒక్కసారిగా రాల్చి, కొత్తవి నింపుకుంటూ కనిపిస్తాడు. అప్పటికే అలాంటివి ఉండేవా? సిపాయిల ఆగ్రహానికి కారణమైన ఎన్‌ఫీల్డ్ తూటాలు వీటివేనా? — ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఉండేవి కావు. మడిచే రివాల్వర్‌ను బ్రిటిష్ సైన్యం స్వీకరించింది 1880లో. అది నమ్మదగిన ఆయుధంగా కుదురుకున్నది 1887లో. తిరుగుబాటు నాటి అధికారుల దగ్గర ఎక్కువగా ఉన్నవి కోల్ట్, ఆడమ్స్ రకాలు.

1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు అమెరికా నుంచి శామ్యూల్ కోల్ట్ తన రివాల్వర్లను తెచ్చాడు. అదే ఏడాది లండన్‌కు చెందిన రాబర్ట్ ఆడమ్స్ వేరే పద్ధతికి పేటెంట్ పొందాడు. కోల్ట్ రివాల్వర్‌లో ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్‌ను, అంటే కొట్టి పేల్చే చిన్న సుత్తిని, వెనక్కి లాగాలి. గురి బాగా కుదురుతుంది కాని ఆలస్యం. ఆడమ్స్‌లో ట్రిగ్గర్ నొక్కితే చాలు, మిగతా పని అదే చేసుకుంటుంది. అయితే గట్టిగా నొక్కవలసి రావడంతో గురి చెదిరేది. శత్రువు నాలుగడుగుల దూరంలో ఉన్నప్పుడు గురి కన్నా వేగమే ముఖ్యమని రష్యాతో జరిగిన క్రిమియా యుద్ధానికి (1853-56) వెళ్ళిన అధికారులు పలువురు భావించారు. రాయల్ ఇంజనీర్స్ దళానికి చెందిన లెఫ్టినెంట్ బోమాంట్ ఈ రెండు పద్ధతులనూ ఒకే ఆయుధంలో కలపగా, ఆ బోమాంట్-ఆడమ్స్‌ను సైన్యం 1856లో స్వీకరించింది.

దానిని నింపడం ఎంత ప్రయాసో సినిమాలో చూపిస్తే కథ అక్కడే ఆగిపోతుంది. సిలిండర్‌లోని ఒక్కొక్క అరలో ముందువైపు నుంచి మందు కూరి, పైన సీసపు గుండు పెట్టి, మీటతో బిగించి, వెనకవైపున్న చిన్న మొలకు, దెబ్బ తగలగానే పేలి మందును అంటించే రాగి టోపీ తొడగాలి. ఇలా ఐదు అరలకూ ఐదుసార్లు చేయాలి. టోపీ తడిసినా, పేలిన టోపీ ముక్క లోపల ఇరుక్కున్నా రివాల్వర్ మొరాయిస్తుంది. పోరు నడుమ ఐదు గుళ్ళూ అయిపోయినవాడు మళ్ళీ నింపుకోవడం కన్నా కత్తి దూయడమే సులువు.

లోహపు తొడుగున్న తూటాలు వాడేలా ఈ రివాల్వర్లను మార్చడం 1868లో మొదలైంది. ఆ తరువాత వచ్చిన 1880 నాటి ఎన్‌ఫీల్డ్ రివాల్వర్ ఆలోచనలో తెలివైనది, ఆచరణలో ఇబ్బందికరమైనది. గొట్టాన్ని కిందికి వంచితే సిలిండర్ ముందుకు జరుగుతుంది, తూటాల అడుగులను వెనక ఒక పలక పట్టి ఉంచుతుంది. అప్పుడు పేలినవి రాలిపోయి, పొడవెక్కువ కనుక పేలనివి అరల్లోనే ఉండాలి. తీరా చూస్తే అన్నిటికన్నా కింది అరలోని ఖాళీ తొడుగు తరచు రాలకుండా చిక్కుకునేది. పైగా కొత్త తూటాలను పక్కనున్న చిన్న తలుపు గుండా ఒక్కొక్కటిగా పెట్టుకోవలసిందే. 1887లో స్వీకరించిన బర్మింగ్‌హామ్ తయారీ వెబ్లీలో ఈ చిక్కు తీరింది: కొక్కేన్ని బొటనవేలితో నొక్కి గొట్టాన్ని వంచగానే నక్షత్రాకారపు బిళ్ళ పైకి లేచి ఆరు తొడుగులనూ ఒకేసారి బయటికి నెడుతుంది. మీరు సినిమాల్లో చూస్తున్నది దాదాపుగా ఈ వెబ్లీయే, అంటే కథాకాలం కన్నా ముప్పై ఏళ్ళు చిన్నది.

ఇక ఎన్‌ఫీల్డ్ తూటాల సంగతి. వివాదం రేపినవి 1853 నమూనా పొడవాటి తుపాకీ కోసం చేసిన కాగితపు తూటాలు. కొవ్వు పూసిన ఆ కాగితాన్ని నోటితో కొరికి, మందును గొట్టంలో పోయవలసి ఉండేది. లండన్‌కు ఉత్తరాన ఎన్‌ఫీల్డ్‌లో ఉన్న ప్రభుత్వ ఆయుధ కర్మాగారం పేరే ఆ తుపాకీకీ, 1880 నాటి రివాల్వర్‌కూ వచ్చింది. పుట్టిల్లు ఒకటే కావడం తప్ప ఆ తూటాలకూ ఈ రివాల్వర్‌కూ చుట్టరికం లేదు.